వంతెన మీంచి దూకేవాళ్ళు, ఏనుగుల దారిలో బతికేవాళ్ళు

జాంబేజీ నది మీద జాంబియానూ జింబాబ్వేనూ కలుపుతూ 1905లో కట్టిన రైలు వంతెన ఒకటుంది. పక్కనే విక్టోరియా జలపాతం. 1,708 మీటర్ల వెడల్పున నది నదంతా 108 మీటర్ల లోతున్న అగాధంలోకి పడుతుంది. ఆ వంతెన మీంచి కాళ్ళకు రబ్బరు తాడు బిగించుకుని 111 మీటర్లు కిందికి దూకడానికి దేశదేశాల నుంచి జనం వస్తారు. కొన్ని క్షణాల భయం కోసం డబ్బు కట్టి, ఆ భయం తీరాక సంతోషంగా ఇళ్ళకు వెళ్తారు. అదే నది లోయ పల్లెల్లో పంట చేతికొచ్చే నెలల్లో రైతులు రాత్రంతా చేల దగ్గర మేలుకుని ఉంటారు. ఏనుగుల మంద దిగితే ఒక్క రాత్రిలో ఏడాది తిండి పోతుంది. అడ్డం వెళ్తే మనిషే పోతాడు. కుప్పం, పలమనేరు, పార్వతీపురం రైతులకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఒకరు కోరి కొనుక్కునే ప్రమాదం, ఇంకొకరి నెత్తిన రోజూ ఉండే ప్రమాదం. ఆఫ్రికా దక్షిణ ప్రాంతంలో సాహస పర్యాటకం మంచిదా చెడ్డదా అన్న చర్చంతా ఈ రెంటి మధ్యే నడవాలని నా నమ్మకం. ఈ చర్చ ఎక్కువగా లాడ్జి కప్పు మీది సోలార్ పలకల దగ్గర, ప్లాస్టిక్ సీసాలు వద్దనే బోర్డుల దగ్గర ఆగిపోతోంది. అవి అవసరమే. కానీ ఆ నేల మీద హక్కు ఎవరిది, ‘మా ఊరికి ఇది వద్దు’ అనగల అధికారం ఎవరికుంది, వచ్చిన డబ్బు ఎవరి చేతికి చేరుతుంది అన్నవి తేలకుండా ఏ యాత్రనూ సుస్థిరం అనలేం. నమీబియా, బోట్స్వానా, జింబాబ్వే, జాంబియా, దక్షిణాఫ్రికా, లెసోతో, మలావీ అనుభవాలను పక్కపక్కన పెడితే ఇదే కనిపిస్తుంది.

కొలబద్ద కొత్తగా వెతుక్కోనక్కర్లేదు. 2002 ఆగస్టులో, జొహానెస్‌బర్గ్ ఐక్యరాజ్యసమితి సదస్సుకు ముందు, కేప్‌టౌన్‌లో బాధ్యతాయుత పర్యాటకం మీద ఒక ప్రకటన వెలువడింది. ఏ చోటైనా ముందు అక్కడ బతికేవాళ్ళకు మెరుగ్గా ఉండాలి, ఆ తర్వాత చూడవచ్చేవాళ్ళకు అన్నది దాని సారాంశం. ఆ వరస మారకూడదు.

మళ్ళీ నదికే వద్దాం. జలపాతం దిగువన జాంబేజీ బటోకా గండిలోకి దూరుతుంది. 1981లో తొలిసారి రబ్బరు పడవల మీద ఆ గండిని దాటారు. అప్పటినుంచి ప్రపంచంలో తెప్ప ప్రయాణాలకు పేరుపడ్డ నదుల్లో ఇదొకటయింది. ఆగస్టు నుంచి డిసెంబరు దాకా నీళ్ళు తగ్గినప్పుడు సుడులు బాగా తేలతాయి. పడవలో కూర్చున్నవాళ్ళకు గైడు కనిపిస్తాడు. కనిపించనివాళ్ళు వేరే ఉన్నారు: రబ్బరు పడవల్నీ తెడ్లనూ నిటారు గండి గోడ మీదుగా పైకి మోసే పక్క పల్లెల కూలీలు. ఆ పల్లెల్లోకి నగదు వచ్చే దారులు మరీ ఎక్కువ లేవు.

ఆ గండిలోనే, జలపాతానికి దాదాపు 50 కిలోమీటర్ల దిగువన, 2,400 మెగావాట్ల ఆనకట్ట కట్టాలని రెండు దేశాలూ ఏళ్ళ తరబడి అనుకుంటున్నాయి. కడితే సుడుల్లో చాలా భాగం నీట మునుగుతాయి. గండి గోడల్లో గూళ్ళు పెట్టే అరుదైన టైటా డేగకూ చోటు పోతుంది. ప్రపంచ పర్యాటకులు ‘ఆనకట్ట వద్దు’ అంటారు. 2024లో కరువు వల్ల కరీబా జలాశయం అడుగంటి, జాంబియాలో చాలా ఇళ్ళకు రోజులో ఎక్కువ గంటలు కరెంటు లేదు. ఆ చీకట్లో కూర్చున్న మనిషికి సుడుల అందం గురించి చెప్పే హక్కు బయటివాళ్ళకు లేదు. అయితే ఆనకట్టకు ఎదురు నిలిచే బలమైన వాదం కూడా ఆ కరువులోనే ఉంది. వానలు తప్పి కరీబాయే ఎండిపోతుంటే అదే నది మీద ఇంకో జలవిద్యుత్ కేంద్రాన్ని నమ్ముకోవడం ఎంతవరకు తెలివైన పని? ఈ ప్రశ్న వేయాల్సింది జాంబియా, జింబాబ్వే ప్రజలే. వేస్తున్నారు కూడా.

కరీబా చరిత్ర తెలియకుండా ఆ నది మీద తెడ్డు వేయకూడదు. 1950లలో ఆ ఆనకట్ట కట్టినప్పుడు లోయలోని తోంగా ప్రజలు సుమారు 57,000 మందిని లేపేశారు. 1958లో ఎదురు తిరిగిన గ్వెంబే తోంగాల మీద పోలీసులు కాల్పులు జరిపితే ఎనిమిది మంది చనిపోయారు. నీళ్ళు ఎక్కుతున్నప్పుడు చిక్కుకుపోయిన జంతువుల్ని పడవల్లో కాపాడిన కార్యక్రమం మాత్రం ప్రపంచ పత్రికల్లో మారుమోగింది. మనుషుల తరలింపు అందులో పదోవంతు కూడా వినిపించలేదు. జంతువును చూసిన కన్ను పక్కనున్న మనిషిని చూడకపోవడం ఈ ప్రాంత పర్యాటకానికి పుట్టుకతో వచ్చిన జబ్బు.

బోట్స్వానా ఎంచుకున్న దారి వేరు. 1990 పర్యాటక విధానంలో ఆ దేశం ఒక మాట మీద నిలబడింది: తక్కువ మంది రావాలి, ఎక్కువ ఖర్చు పెట్టాలి. ఒకవాంగో డెల్టాను చూస్తే ఆ జాగ్రత్త ఎందుకో అర్థమవుతుంది. అంగోలా కొండల్లో ఏడాది మొదట్లో కురిసిన వాన వందల కిలోమీటర్లు మెల్లగా పారి, బోట్స్వానాలో చుక్క వాన లేని చలికాలంలో, జూన్ నుంచి ఆగస్టు మధ్య, డెల్టాను నింపుతుంది. సముద్రం చేరకుండా కలహారి ఇసుకలోకి విచ్చుకుని ఇంకిపోతుంది. 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో వెయ్యో పేరుగా చేరింది. అక్కడ మొకోరో అనే సన్నటి దోనెలో, వెనక నిలబడి గెడ వేసే మనిషి నేర్పు మీద, ఏనుగులూ నీటిగుర్రాలూ తిరిగే పాయల్లో వెళ్తారు. ఒకప్పుడు పెద్ద మాను తొలిచి చేసే ఈ దోనెల్ని ఇప్పుడు చెట్లు మిగలాలని ఎక్కువగా ఫైబర్‌గ్లాసుతో చేస్తున్నారు. చిన్న మార్పే అయినా అసలైనది.

డెల్టాలోని మొరేమీ అభయారణ్యం పుట్టుక గురించి ప్రతి యాత్రికుడికీ తెలియాలి. 1963లో బటవానా ప్రజలు, తమ నేల మీద వేట అదుపు తప్పిందని చూసి, తామే ముందుకొచ్చి దాన్ని ఏర్పాటు చేసుకున్నారు. తెల్ల అధికారి గీసిన గీత కాదది. కానీ ఆ తర్వాత డెల్టాలో వెలసిన ఖరీదైన లాడ్జీల సంగతి? ఒక రాత్రికి మనిషికి వెయ్యి డాలర్లు దాటే చోట్లున్నాయి. అతిథి చిన్న విమానంలో దిగుతాడు, చిన్న విమానంలోనే వెళ్ళిపోతాడు. మధ్యలో ఊరు తగలదు. బోట్స్వానా విశ్వవిద్యాలయ పరిశోధకుడు జోసెఫ్ ఎంబైవా ఏళ్ళ క్రితమే దీన్ని చుట్టూ ఉన్న సమాజంతో తెగిపోయిన పర్యాటకంగా వర్ణించాడు. పెట్టుబడీ యాజమాన్యమూ బయటివి, లాభం బయటికి పోతుంది, కింది స్థాయి ఉద్యోగాలు స్థానికులకు మిగులుతాయి. డెల్టా మీద ఒత్తిడి తగ్గిందన్నది నిజం. ఆ తగ్గింపు ఫలం ఎవరికన్నదే తేలలేదు.

సెంట్రల్ కలహారిలో జరిగినది ఇంకా బాధాకరం. 1961లో ఆ రిజర్వును ఏర్పాటు చేసినప్పుడు అక్కడ తరతరాలుగా ఉన్న సాన్ ప్రజల జీవనాన్ని కూడా అది కాపాడాల్సి ఉంది. 1997లో, 2002లో ప్రభుత్వం వాళ్ళను బయటి శిబిరాలకు తరలించింది. 2006 డిసెంబరులో హైకోర్టు ఆ తొలగింపు చట్టవిరుద్ధమని చెప్పినా బోరుబావి వాడుకునే హక్కు కోసం మళ్ళీ కోర్టుకెళ్ళాల్సి వచ్చింది. 2011లో అప్పీలు కోర్టు ఆ హక్కు ఇచ్చింది. ఆ రెండు తీర్పుల మధ్య కాలంలోనే అదే రిజర్వులో ఈతకొలనుతో సహా పర్యాటకుల లాడ్జి నడిచింది. దాహానికి బోరు తెరవనివ్వని చోట ఈతకు నీళ్ళు దొరకడం కంటే ఈ రంగం మీద పెద్ద నేరారోపణ ఇంకేం కావాలి? సాన్‌ల తరఫున వాదించిన న్యాయవాదుల్లో ఒకరైన డుమా బోకో 2024 నవంబరులో బోట్స్వానా అధ్యక్షుడయ్యాడు. నల్లమలలో చెంచుల తరలింపు మాటలు వింటున్న తెలుగు పాఠకుడు ఆ దేశం ఇకపై ఏం చేస్తుందో గమనించాలి. పులి పేరుతోనో పర్యాటకం పేరుతోనో అడవి మనుషుల్ని బయటికి పంపే వాదన అన్నిచోట్లా ఒకే తీరుగా మొదలవుతుంది.

నమీబియా దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. ఎందుకంటే హక్కు చేతులు మారితే ఏమవుతుందో అక్కడ కనిపిస్తుంది. 1980ల మొదట్లో వాయవ్యాన ఉన్న కావోకోవెల్డ్ కరువుతోనూ దొంగవేటతోనూ ఊడ్చుకుపోయింది. నల్ల ఖడ్గమృగాలు, ఎడారికి అలవాటుపడ్డ ఏనుగులు గుప్పెడు మిగిలాయి. గార్త్ ఓవెన్-స్మిత్ అనే పరిరక్షకుడు, జాషువా కంగోంబే వంటి హెరెరో పెద్దలు కలిసి ఒక పని చేశారు. ఊరిపెద్దలే మనుషుల్ని ఎంపిక చేసి జంతువుల కాపలాకు పెట్టారు. మొదట్లో జీతం కింద ఇచ్చింది తిండి సరుకులు. వాళ్ళు జవాబు చెప్పుకోవలసింది తమ పెద్దలకే. దొంగవేట తగ్గింది. తుపాకీ పట్టిన గార్డుకు తెలియనిది ఊరికి తెలుస్తుంది: నిన్న రాత్రి ఎవరింట్లో మాంసం ఉడికింది, ఏ కొత్త మనిషి ఎవరింట దిగాడు. ఓవెన్-స్మిత్, ఆయన సహచరి మార్గరెట్ జాకబ్‌సన్ 1993లో గోల్డ్‌మన్ పర్యావరణ పురస్కారం అందుకున్నారు.

అసలు మలుపు చట్టంలో వచ్చింది. వర్ణవివక్ష పాలనలో తెల్ల రైతులకు తమ పొలాల్లోని వన్యప్రాణుల మీద హక్కులుండేవి, వాటి ఆదాయం వాళ్ళకే దక్కేది. నల్లజాతి ప్రజల ఉమ్మడి భూముల్లో జంతువు ప్రభుత్వానిది, నష్టం మాత్రం ప్రజలది. 1990లో స్వాతంత్ర్యం వచ్చింది. రాజ్యాంగంలోనే పర్యావరణ పరిరక్షణను రాసుకున్న ఆ దేశం 1996లో చట్టం సవరించి ఉమ్మడి భూముల వాళ్ళకూ ఆ హక్కు ఇచ్చింది. ఊళ్ళు కలిసి హద్దు గీసుకుని, సభ్యుల జాబితా రాసుకుని, కమిటీని ఎన్నుకుని, డబ్బు ఎలా పంచుకుంటారో నియమం పెట్టుకుంటే ‘కన్సర్వెన్సీ’గా గుర్తింపు వస్తుంది. 1998లో మొదటి నాలుగు ఏర్పడ్డాయి. ఇప్పుడు 86 ఉన్నాయి, దేశ భూభాగంలో దాదాపు ఐదో వంతు వాటి కిందే ఉంది.

తొలి నాలుగింటిలో ఒకటైన తోరాలో ఉన్నవాళ్ళలో చాలామంది రీమ్‌వాస్‌మాక్ కుటుంబాల వాళ్ళు. 1970లలో వర్ణవివక్ష ప్రభుత్వం దక్షిణాఫ్రికాలోని వాళ్ళ ఊరు ఖాళీ చేయించి ఈ రాళ్ళ నేలకు పంపింది. అలా నేల పోగొట్టుకున్నవాళ్ళు ఇక్కడ లాడ్జి కంపెనీతో ఒప్పందం కుదుర్చుకుని ఆదాయంలో వాటా, ఉద్యోగాల్లో మొదటి అవకాశం అడిగి తీసుకున్నారు. ఒప్పందం బల్లకు ఇటువైపు కూర్చునే అర్హత చట్టం ఇస్తే మనుషులు ఎలా మారతారో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

సాహసం సంగతికొస్తే, కునేనే ప్రాంతంలో ఖడ్గమృగాన్ని కాలినడకన వెతకడం నాకు అన్నిటికంటే గౌరవనీయంగా కనిపిస్తుంది. ఏ పార్కు కంచెలోనూ లేకుండా స్వేచ్ఛగా తిరిగే నల్ల ఖడ్గమృగాల్లో అతిపెద్ద గుంపు అక్కడుంది. 1982లో మొదలైన సేవ్ ది రైనో ట్రస్టు ట్రాకర్లు వేకువనే అడుగుజాడలు పట్టుకుంటారు. వెనక నడిచే యాత్రికుడు వాళ్ళ పనిలో అతిథి. జంతువు కలత పడకముందే వెనక్కి తిరగాలి, కనిపించకపోయినా సణగకూడదు. యాత్రికుడి డబ్బుతో ట్రాకరు గస్తీ సాగుతుంది, గస్తీ ఉన్నచోట తుపాకీ రాదు. ఇదే దేశంలో స్వాకోప్‌ముండ్ దగ్గర నాలుగు చక్రాల మోటారు బళ్ళతో ఇసుక తిన్నెలెక్కే ఆట కూడా ఉంది. కదిలే తిన్నె మీద చక్రపు గుర్తు గాలికి చెరిగిపోతుంది. పక్కనున్న గులకరాళ్ళ మైదానం అలాంటిది కాదు. మంచు తేమ తాగి బతికే లైకెన్ల పొర మీద ఒక్కసారి చక్రం పోతే ఆ గాడి దశాబ్దాల తరబడి ఉంటుంది. డమారా టెర్న్ అనే చిన్న సముద్రపక్షి ఆ మైదానాల్లోనే నేల మీద గుడ్లు పెడుతుంది. రెండూ సాహసాలే, రెండింటి టికెట్టూ ఒకే వీధిలో అమ్ముతారు. తేడా తెలుసుకోవాల్సిన బాధ్యత కొనేవాడిది కూడా.

నమీబియా కథలో పర్యాటకులు వినడానికి ఇష్టపడని అధ్యాయం వేట. చాలా కన్సర్వెన్సీలకు విదేశీ వేటగాళ్ళు కోటా ప్రకారం కట్టే రుసుమే పెద్ద ఆదాయం. 2016లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం కన్సర్వెన్సీ ఏర్పడ్డాక వేట ఆదాయం సగటున మూడేళ్ళకు, పర్యాటక ఆదాయం ఆరేళ్ళకు మొదలయింది. వేటను నిషేధిస్తే ఖర్చులు తట్టుకోలేని కన్సర్వెన్సీలు బాగా పెరుగుతాయని కూడా అందులో తేలింది. దానికి కారణం ఉంది. కెమెరాతో వచ్చేవాడికి అందమైన లోయ, మంచి రోడ్డు, దగ్గర్లో విమానం కావాలి. ఇవేవీ లేని ముళ్ళ అడవికి వచ్చేది వేటగాడే.

జింబాబ్వేలో 1989లో మొదలైన క్యాంప్‌ఫైర్ పథకం ఈ దారికి ముందు నడిచింది. జిల్లా కౌన్సిళ్ళకు వన్యప్రాణుల మీద అధికారం ఇచ్చి, ఏనుగు వేట ఆదాయాన్ని ఊళ్ళకు పంచమంది. అయితే హక్కు కౌన్సిలు గుమ్మం దగ్గరే ఆగింది. ఇంటింటికీ చేరిన వాటా చాలాచోట్ల కొద్దిపాటిదే. 2015లో హ్వాంగే పార్కు సింహం సెసిల్‌ను ఒక అమెరికన్ చంపినప్పుడు ప్రపంచమంతా కోపగించింది. అమెరికాలో చదువుకుంటున్న ఒక జింబాబ్వే విద్యార్థి మాత్రం తమ పల్లెలో సింహమంటే భయమే తప్ప ముద్దు పేరు ఉండదని న్యూయార్క్ టైమ్స్‌లో రాశాడు. 2024లో జర్మనీ వేట ట్రోఫీల దిగుమతిని కట్టడి చేయాలనుకున్నప్పుడు అప్పటి బోట్స్వానా అధ్యక్షుడు మసీసీ, 20,000 ఏనుగుల్ని మీకే పంపుతాం, వాటితో కలిసి బతికి చూడండి అన్నాడు. అదే ఏడాది కరువులో నమీబియా 83 ఏనుగులతో సహా 723 అడవి జంతువుల్ని మాంసం కోసం చంపాలని నిర్ణయించింది.

గోడకు తగిలించుకోవడానికి జంతువును చంపడం నాకు మనసొప్పదు. కానీ అయిదు దేశాలు కలిసి 2011లో ఒప్పందం చేసుకున్న కావాంగో-జాంబేజీ సరిహద్దుల్లేని పరిరక్షణ ప్రాంతంలో, 2022 లెక్క ప్రకారం, సుమారు 2,27,900 ఏనుగులున్నాయి. వాటి మధ్య జనం బతుకుతున్నారు. వేట రుసుము వద్దనేవాళ్ళు ముందు ఆ ఊళ్ళకు బదులు ఆదాయం చూపించాలి. అది చూపకుండా లండన్‌లోనో బెర్లిన్‌లోనో కూర్చుని వద్దనడం, ఆ ఖర్చును ఈ ప్రాంతంలోని పేదల మీద మోపడమే. జాంబేజీ లోయలో రైతులు ఏనుగుపేడలో మిరపపొడి కలిపి ఎండబెట్టి, రాత్రి చేల గట్ల మీద కాలుస్తారు. ఘాటు పొగకు ఏనుగులు తప్పుకుంటాయి. మిరప పండించే మన రైతుకు వెంటనే అర్థమయ్యే ఉపాయం. అలాంటి ఉపాయాలకు డబ్బు పెట్టే యాత్రా సంస్థ దొరికితే నేను దాన్ని ముందు వరసలో పెడతాను.

జంతువుల్ని మోసుకొచ్చి వదలడం కూడా మనుషుల్ని అడగకుండా జరిగితే ఎలా ఉంటుందో మలావీలో తెలిసింది. 2022లో కసుంగు జాతీయ పార్కుకు 263 ఏనుగుల్ని తరలించారు. చుట్టూ కంచె పూర్తికాలేదు. ఆ తర్వాత మలావీ వైపూ జాంబియా వైపూ పల్లెల్లో మనుషులు చనిపోయారు, పంటలు పోయాయి. తరలింపు ఫోటోలు ప్రపంచమంతా తిరిగాయి.

దక్షిణాఫ్రికాలో ఒక్క ఊరి కథ చాలు. క్రూగర్ పార్కు ఉత్తర కొసన లింపోపో, లువువు నదుల మధ్య ఉన్న మకులేకె ప్రజల్ని 1969లో తుపాకులు చూపి లేపేశారు, ఇళ్ళు తగలబెట్టించారు, ఆ నేలను పార్కులో కలిపేశారు. వర్ణవివక్ష పోయాక వాళ్ళు భూమి కోసం దావా వేసి 1998లో తిరిగి గెలుచుకున్నారు. ఊరు కట్టుకోవచ్చు, పశువుల్ని మేపుకోవచ్చు. కానీ వాళ్ళు ఆ నేలను అడవిగానే ఉంచి, పార్కు సంస్థతో ఒప్పందం రాసుకుని, లాడ్జీలకు తామే అనుమతులిచ్చి ఆదాయం తీసుకుంటున్నారు. హక్కిస్తే అడవి నరికేస్తారన్న భయం ఎంత తప్పో మకులేకె చూపించింది.

ఇదే దేశంలో సిగ్గుపడాల్సిన వ్యాపారమూ ఉంది. బోనుల్లో పెంచే సింహాలు సుమారు 8,000 ఉన్నాయని అంచనా. పుట్టిన కొద్ది రోజులకే తల్లి నుంచి వేరుచేసిన కూనల్ని యాత్రికుల ఒళ్ళో పెడతారు, పాలసీసా చేతికిస్తారు. కాస్త ఎదిగితే ‘సింహాలతో నడక’. ఇంకా ఎదిగితే కంచె లోపల వేటకు, చివరికి ఎముకల వ్యాపారానికి. స్వచ్ఛంద సేవ అనుకుని డబ్బు కట్టి మరీ కూనల్ని పెంచడానికి వచ్చిన యువతకు ఈ సంగతి చెప్పరు. ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ 2021లో ఈ పెంపకం ఆపాలని సిఫారసు చేసింది. ఆపడం నెమ్మదిగా సాగుతోంది. ఏ అడవి జంతువునైనా తాకనిచ్చే చోటికి వెళ్ళకపోవడం ఒక్కటే దీనికి మందు. ఖాన్స్‌బాయిలో బోనులో దిగి తెల్ల సొరచేపల్ని చూసే వ్యాపారానికి వేరే దెబ్బ తగిలింది. 2017 నుంచి ఓర్కా తిమింగలాలు వాటిని చంపి కాలేయాలు తినడం మొదలుపెట్టాక సొరచేపలు ఆ తీరం వదిలేశాయి. ఒక్క జంతువు మీద ఊరంతా ఆధారపడితే ఏమవుతుందో ఆ పడవల వాళ్ళు చెబుతారు.

ఇక నడక. ఇది ఈ ప్రాంతం ప్రపంచానికిచ్చిన మంచి అలవాటు. జాంబియాలోని లువాంగ్వా లోయలో నార్మన్ కార్ అనే పరిరక్షకుడు 1950లో ఎన్‌సెఫు అనే పెద్దను ఒప్పించి, ఆ వంశపు నేలలో కొంత భాగాన్ని అడవి జంతువులకు వదిలించి, శిబిరం పెట్టి ఆదాయాన్ని ఆ ప్రజలకే ఇచ్చాడు. వాహనం దిగి గైడు వెనక, తుపాకీ పట్టిన స్కౌటు తోడుగా నడిచే సఫారీ ఆ లోయలోనే పెరిగింది. దక్షిణాఫ్రికా తీరాన ఆటర్ ట్రెయిల్ 1968లో తెరిచారు. 45 కిలోమీటర్లు, ఐదు రోజులు, రోజుకు పన్నెండు మందికే అనుమతి. నమీబియాలోని ఫిష్ రివర్ లోయలో నడవాలంటే వైద్యుడి ధ్రువపత్రం కావాలి. మే నుంచి సెప్టెంబరు మధ్య వరకే వదులుతారు, ఎండాకాలం ఆ లోయ ప్రాణం తీస్తుంది కనుక. లెసోతోలో సెమొన్‌కాంగ్ దగ్గర 192 మీటర్ల మలెత్సున్యానె జలపాతం పక్కన తాడు పట్టుకుని దిగొచ్చు. మలెయాలెయాలో పోనీ గుర్రమెక్కి పల్లె నుంచి పల్లెకు కొండల్లో రోజుల తరబడి తిరగొచ్చు. ఆ గుర్రాలు ఊరివాళ్ళవి, వెంట వచ్చే మనిషి ఆ ఊరివాడే, రాత్రి పడుకునేది ఊళ్ళోని గుడిసెలోనే. ఖరీదైన లాడ్జి చేరవేయలేని చోటికి ఈ డబ్బు నేరుగా చేరుతుంది.

ఇంత చెప్పినా పర్యాటకం మీదే బతుకు పెట్టుకోవడం ఎంత అపాయమో 2020లో తేలింది. కోవిడ్‌తో విమానాలు ఆగాయి, లాడ్జీలు మూతపడ్డాయి, కాపలాదారుల జీతాలకు డబ్బు లేక నమీబియా సహాయనిధి పెట్టుకోవాల్సి వచ్చింది. 2021 నవంబరులో ఒమిక్రాన్ రకాన్ని బోట్స్వానా, దక్షిణాఫ్రికా శాస్త్రవేత్తలు నిజాయితీగా ప్రకటిస్తే, రాత్రికి రాత్రి ప్రపంచం వాళ్ళకే తలుపులు వేసింది. ఆ సీజను బుకింగులు చాలామటుకు పోయాయి. బయటివాళ్ళ దయ మీద నడిచే పరిరక్షణకు నిలకడ ఉండదని ఆ అనుభవం చెప్పింది. అందుకే స్థానిక యాత్రికులు ముఖ్యం. డర్బన్ చుట్టూ చెరకు తోటలకు 1860 తర్వాత కూలీలుగా వెళ్ళినవాళ్ళలో తెలుగువాళ్ళు వేలల్లో ఉన్నారు, 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. వర్ణవివక్ష కాలంలో ఆ కుటుంబాలకు సొంత నగరపు సముద్రతీరంలోనే వేరే బీచి కేటాయించారు. ఇప్పుడు దక్షిణాఫ్రికా పార్కులు ఏడాదికో వారం పౌరులను ఉచితంగా రానిస్తాయి, మిగతా రోజుల్లో వాళ్ళకు రుసుము తక్కువ. సొంత దేశపు అడవిని పిల్లలు చూడగలిగినప్పుడే ఆ అడవికి ఓట్లు పడతాయి.

తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్ళేవాళ్ళు ఎక్కువగా దుబాయి, దోహా మీదుగా ఎగురుతారు. రానూపోనూ ఆ ఒక్క ప్రయాణానికే మనిషికి టన్నుకు పైగా కర్బన వాయువు వెలువడుతుంది. సగటు భారతీయుడి ఏడాది లెక్క దాదాపు రెండు టన్నులు. వారం రోజుల్లో కేప్‌టౌన్, క్రూగర్, విక్టోరియా ఫాల్స్, చోబే అన్నీ తొక్కి వచ్చే ప్యాకేజీలో మధ్య విమానాలు ఇంకా అదనం. అమ్మేవాళ్ళను అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. లాడ్జి నేల ఎవరిది, లీజు డబ్బు ఏ కమిటీకి వెళ్తుంది, గైడు ఆ ప్రాంతం వాడేనా, జంతువును తాకనిస్తారా, కరువు ఏడాదిలో నీళ్ళు ఎక్కడి నుంచి తెస్తారు. సూటిగా జవాబు చెప్పగలిగిన సంస్థలు ఉన్నాయి, నమీబియాలోనూ లెసోతోలోనూ ఎక్కువగా. జవాబు దొరకని చోట డబ్బు పెట్టకూడదు. పలు దేశాల బదులు ఒక్క దేశంలో రెండు మూడు వారాలు, రోడ్డు మీద, వీలైనంత నడకన గడపడానికి సెలవు దొరకని ఏడాది ఆ యాత్రను వాయిదా వేసుకోవడమే మేలని నా అభిప్రాయం.